నెల డబ్బు ఆగితే కెమెరా గుడ్డిదవ్వాలా?

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోనో బొల్లారంలోనో ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు ఉన్న మనిషి రాత్రి తొమ్మిదికల్లా ఇంటి నుంచి బయలుదేరతాడు. తిరిగొచ్చేసరికి పొద్దెక్కుతుంది. భార్యది మందుల కంపెనీ ప్యాకింగ్‌లో జనరల్ షిఫ్టు అయితే, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు నిద్రపోతున్న తండ్రి తప్ప ఇంట్లో ఎవరూ ఉండరు. సొంతూరు నారాయణఖేడ్ వైపో జహీరాబాద్ వైపో ఉంటే పండక్కి నాలుగు రోజులు ఇంటికి తాళమే. ఇస్నాపూర్, బీరంగూడ, అమీన్‌పూర్ కొత్త కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఇంకా ఖాళీ ప్లాట్లున్నాయి. గుమ్మం మీద కెమెరా పెట్టుకోవడం ఇక్కడ అవసరం కొద్దీ చేసే ఖర్చు. ఆ అవసరాన్ని నెలవారీ చందాకు కట్టేసి అమ్ముతున్న తీరు అన్యాయమని నా అభిప్రాయం.

షాపులో పెట్టె మీద ఒక ధర ఉంటుంది. కొంటాం, గోడకు బిగిస్తాం, ఫోన్‌లో యాప్ వేసుకుంటాం. చాలా బ్రాండ్లలో మొదట కొన్ని రోజులు అన్నీ ఉచితంగా నడుస్తాయి. గేటు దగ్గర ఎవరు కదిలినా క్లిప్ వస్తుంది, నిన్నటిదీ మొన్నటిదీ వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. గడువు తీరాక ప్లాన్ కొనమని అడుగుతుంది. కొనకపోతే ఇప్పుడు గేటు దగ్గర ఏముందో చూపిస్తుంది కానీ, మెమరీ కార్డు వేసుకోకుంటే నిన్న రాత్రి రెండింటికి ఏం జరిగిందో చూపించదు. దొంగతనం జరిగిన ఇంటికి కావలసింది ఆ రాత్రి సంగతే.

రేటు వింటే చిన్నదే. 2022లో ఎయిర్‌టెల్ ఎక్స్‌సేఫ్ పేరుతో ఇంటి కెమెరాల సేవ తెచ్చినప్పుడు చందా నెలకు 99 రూపాయల నుంచి మొదలైంది. అదే లెక్కన ఐదేళ్లు కడితే ఒక్క కెమెరాకు 5,940 రూపాయలు. గేటుకొకటి, వెనక వాకిలికొకటి, మేడ మెట్లకొకటి అనుకుంటే కాంట్రాక్టు కార్మికుడికి అది మోయలేని లెక్క. ఫోన్ రీఛార్జ్, డిష్ రీఛార్జ్, ఇంటర్నెట్ బిల్లు ముందే ఉన్నాయి.

చందా కట్టి పొందే క్లౌడ్ నిల్వకు విలువ లేదని నేను అనను. తాళం పగలగొట్టినవాడు పోతూ పోతూ రికార్డు దాచే డీవీఆర్ పెట్టెను కూడా ఎత్తుకుపోతాడు. అప్పుడు దూరంగా సర్వర్‌లో ఉన్న క్లిప్ ఒక్కటే మిగులుతుంది. బంగారం షాపు యజమానికీ, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిని ఫోన్‌లో చూసుకునే కొడుకుకూ ఆ డబ్బు ఊరికే పోదు. ఇష్టపడి కట్టేవాళ్లు కట్టాలి. కానీ రికార్డు చేయడం కెమెరా మొదటి పని. దానికి కూడా నెలనెలా డబ్బు అడగడమే నాకు మింగుడుపడనిది.

నిజానికి చాలా ఇళ్లకు చిన్న మెమరీ కార్డు సరిపోతుంది. మామూలు 1080పీ కెమెరాలో 128 జీబీ కార్డు వేస్తే పది రోజులు అటూఇటూగా ఆపకుండా రికార్డు చేస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే ఇంకా ఎక్కువ రోజులొస్తుంది. నెట్ పోయినా, చందా ఆగినా అది పని చేస్తూనే ఉంటుంది. పైగా రోజంతా వీడియోను క్లౌడ్‌కు పంపాలంటే పది జీబీ దాకా డేటా కావాలి. రోజుకు రెండు జీబీల సిమ్ మీద నడిచే కెమెరాకు అది అయ్యే పని కాదు. అందుకే చాలా ప్లాన్లలో క్లౌడ్‌లోకి వెళ్లేవి చిన్న చిన్న ముక్కలే. కార్డు పెట్టే చోటే లేని డోర్‌బెల్‌లు కూడా వస్తున్నాయి. అవి కొనేవాళ్లు చందాకు పూర్తిగా కట్టుబడిపోతారు. అమెరికాలో మన పిల్లల ఇళ్ల తలుపులకు కనిపించే రింగ్ డోర్‌బెల్‌ల సంగతి అదే.

కెమెరాతో పోయేది డబ్బే కాదు, గోప్యత కూడా. ఆ రింగ్ కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెట్టింది. ఖాతాదారుల ఇళ్ల లోపలి వీడియోలను ఉద్యోగులు, కాంట్రాక్టర్లు చూసే వీలుండేదన్నది ఆరోపణ. 58 లక్షల డాలర్లు కట్టి కంపెనీ రాజీ చేసుకుంది. మన దగ్గర రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి గదుల్లోని వీడియోలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పోయిన సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అక్కడ కెమెరాల పాస్‌వర్డ్ అడ్మిన్123. బిగించిన కుర్రాడు పెట్టిపోయిన పాస్‌వర్డ్ మీ ఇంట్లోనూ అలాగే ఉంటే ఈ పేపర్ పక్కన పెట్టి ముందు అది మార్చండి. పడకగదిలో కెమెరా ఉంటే తీసేయండి.

ఈ ప్రాంతానికే సంబంధించిన మాట ఇంకొకటి చెప్పాలి. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉండే కిరాయి గదుల వరుసల్లో కుళాయి, స్నానాల గది ఉమ్మడిగా ఉంటాయి. అలాంటి వాకిలి మీదికి కెమెరా తిప్పితే, అక్కడ స్నానం చేసి గదికి నడిచే ఆడమనిషి బొమ్మ ఇంటి ఓనర్ ఫోన్‌లోకి వెళుతుంది. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, తోటివాళ్ల అంగీకారం లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఓనర్లు గేటుకు పెట్టుకోవాలి, రోడ్డుకు పెట్టుకోవాలి. కిరాయిదారుల బతుకు మీదికి కాదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు దాచాలంటుంది. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. అది హ్యాకింగ్ నుంచి కాపాడే ఏర్పాటు, జేబు నుంచి పోయే డబ్బును పట్టించుకోదు. పెట్టె మీద ఎంఆర్‌పీ అచ్చు వేయాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. దాని పక్కనే ఏడాది చందా ఎంతో, అది కట్టకపోతే ఏవేవి ఆగిపోతాయో తెలుగులో అచ్చు వేయించాలని కేంద్ర వినియోగదారుల శాఖను అడుగుతున్నాను. కొన్ననాడు ఇచ్చిన సౌకర్యాన్ని మధ్యలో గుంజుకోకుండా కూడా నిబంధన రావాలి. పాత కెమెరాలకు ఉచితంగా ఇస్తున్న ఏడు రోజుల నిల్వ తీసేస్తామని ఆర్లో అనే అమెరికా కంపెనీ 2023 జనవరిలో ప్రకటించింది. కొన్నవాళ్లు గట్టిగా నిలదీస్తే వెనక్కి తగ్గింది. అడిగితే ఫలితం ఉంటుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

అంతవరకూ మన జాగ్రత్త మనదే. కొనే ముందు, కార్డు పడుతుందా, చందా లేకుండా నిన్నటి వీడియో కనిపిస్తుందా అని షాపతన్ని అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా బిల్లు మీద రాయించుకోండి. ఉచిత గడువు కోసం బ్యాంకు కార్డు నంబరు ఇస్తే, డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ చూడకుండా వదిలేయకండి. తేలిగ్గా చేర్చుకుని, బయటపడే దారి మూసేసే చందాలను 2023 నవంబర్‌లో కేంద్రం మోసపు పద్ధతుల జాబితాలో చేర్చింది. అలాంటి దాంట్లో ఇరుక్కుంటే సంగారెడ్డిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ముందుగా ఫోన్‌లోనే చెప్పుకోవాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.