పలక కంటె ముందు పళ్లెం

విద్య ఏనాడు మొదలవుతుంది? పలకపై ఓనమాలు దిద్దించిన నాడేనని సామాన్యంగా భావిస్తారు. అందుకే తల్లిదండ్రులు మంచి బడి కోసం ఊళ్లు వెదుకుతారు. అప్పు చేసి అయినా ఫీజులు కడతారు. కాని ఆ అక్షరాలను గ్రహించవలసిన మెదడు అంతకు ఎన్నో ఏళ్ల ముందే, తల్లి గర్భంలోనే రూపు దిద్దుకోవడం ఆరంభిస్తుంది. దానికి కావలసిన సామగ్రి అంతా తల్లి రక్తం ద్వారానే అందాలి. కనుక బిడ్డ చదువుకు పెట్టే తొలి ఖర్చు గర్భిణి భోజనానికి పెట్టే ఖర్చే.

గర్భం దాల్చిన నాలుగు వారాల లోపలే శిశువు మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఆ నాళం సక్రమంగా ఏర్పడటానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. పెరిగే మెదడుకు ప్రాణవాయువును చేరవేసే రక్తానికి ఇనుము కావాలి. అయోడిన్ తీవ్రంగా లోపిస్తే బిడ్డ బుద్ధివికాసం శాశ్వతంగా కుంటుపడవచ్చు. గర్భధారణ మొదలు బిడ్డ రెండవ పుట్టినరోజు వరకు గల సుమారు వేయి రోజులను వైద్యులు అమూల్యమైనవిగా పరిగణించడానికి కారణమిదే.

ఈ విజ్ఞానంలో తెలుగువారికీ భాగముంది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది తగ్గుతుందని కనుగొన్నది. అందులోని పోషకమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1940 దశకంలో దానిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగువాని ప్రజ్ఞాఫలం ప్రపంచంలోని తల్లులకు అందింది. అది తెలుగు పల్లెలలోని ప్రతి తల్లికీ సకాలంలో అందకపోవడం విచారకరం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 సంవత్సరాలలో నగర సమీప గ్రామాలలో ఒక అధ్యయనం నిర్వహించింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ సదుపాయం ఇంకా చేరని గ్రామాలతో వాటిని పోల్చారు. ఆ పిల్లలు పెరిగి పెద్దయిన తరువాత పరిశీలించగా, ఆహారం అందిన గ్రామాలవారు చదువులో కొంత ముందున్నట్లు తేలింది. తల్లి తిన్నదానివల్ల ఎంత, బిడ్డ తిన్నదానివల్ల ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. అయినా తొలినాళ్ల అన్నం ఫలితం ఏళ్ల తరువాత చదువులో కనిపించడం గమనింపదగిన విషయం.

గొల్లపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో వేలాది స్త్రీలకు బీడీలు చుట్టడమే జీవనాధారం. ఎందరి భర్తలో గల్ఫ్ దేశాలకు వలసపోయారు. వేయి బీడీలకు ఇంత అని కూలి లెక్కగట్టే పనిలో గంటసేపు లేచి వెళ్తే ఆ మేరకు రాబడి తగ్గుతుంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, మిగిలినదానితో సరిపెట్టుకోవడమే కోడలి ధర్మమని తలచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందనే అపోహ మరొకటి. సీమంతం నాడు పదిమందినీ పిలిచి గాజులు తొడుగుతారు, ఒడి నింపుతారు. మరునాటి నుంచి ఆమె ఏం తింటున్నదని అడిగేవారు అరుదు.

తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకాన్ని ప్రారంభించింది. అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, పాలు, గుడ్డు అందించడం దాని ఆశయం. అయినప్పటికీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులు రక్తహీనతతో ఉన్నారు. ఉచితంగా పెట్టినా తినకపోవడం ఆమె తప్పేనని కొందరు వాదిస్తారు. పని మాని రాలేని కూలికి, ఇంట్లో అడిగి గాని గడప దాటలేని కోడలికి ఆ మాట వర్తించదు. వండి పెట్టడంతోపాటు ఆమె వచ్చి తినగల వీలు కల్పించినప్పుడే పథకం సార్థకమవుతుంది. ఆ బాధ్యతలో ప్రభుత్వంతోపాటు పని ఇచ్చేవారికీ, అత్తింటివారికీ పాలు ఉంది.

బలమైన ఆహారమంటే ఖరీదైన డబ్బా పొడులు కానక్కరలేదు. పప్పు, తోటకూర, మునగాకు, పల్లీలు, గుడ్డు పల్లెలలో దొరికేవే. అన్నంలో పిండుకొనే నిమ్మరసం ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. భోజనం వెంటనే తాగే టీ దానిని అడ్డుకుంటుంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలను మానకుండా వేసుకోవాలి. గర్భంలో పోషణ చాలని బిడ్డ భవిష్యత్తు అంతటితో ముగిసిపోదు. తల్లిపాలు, మంచి ఆహారం, ఆటపాటలు, పెద్దల ముచ్చట్లు ఆ లోటును కొంతవరకు తీర్చగలవు. కాని తీర్చవలసిన లోటు రాకుండా చూడటమే వివేకం.

ఈ విషయం కళాశాల విద్యార్థులకు దూరమైనది కాదు. పస్తులతో కాలేజీకి వచ్చే అమ్మాయి నేడు కోల్పోతున్న రక్తబలమే రేపటి తల్లికి అవసరం. ఇంట్లో అక్కకో వదినకో ముందుగా వడ్డించే అబ్బాయి ఒక పాత ఆచారాన్ని మార్చినవాడవుతాడు. అందరూ తిన్నాక మిగిలినది ఆమెకు అనే పద్ధతి పోయి, ఆమె తిన్నాకనే అందరూ అనే పద్ధతి వచ్చిననాడు బిడ్డ చదువు నిజంగా మొదలవుతుంది.