పాత అద్దెమేడ అసలు విలువ

హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి దగ్గర, చార్మినార్‌కు వెళ్లే దారిలో ఉన్న మదీనా బిల్డింగ్ 1940లలో అద్దెల కోసమే లేచిన భవనం. కింద దుకాణాలు, పైన కాపురాలు. వక్ఫ్ ఆస్తి కాబట్టి దానిపై వచ్చే అద్దెలు ఒకప్పుడు అరేబియాలోని మదీనా నగరవాసుల సాయానికి వెళ్లేవి. సౌదీలో చమురు 1938లోనే బయటపడినా, ఆ సంపద ఇంకా జనం చేతికి అందని రోజులవి. సరిగా నడిచిన అద్దెమేడకు సముద్రం అవతలి ఊరిని ఆదుకునే శక్తి ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోని మార్టూరు ప్రాంతంలో గ్రానైట్, మిర్చి, పత్తి మీద మిగిలిన డబ్బు చాలాకాలంగా గుంటూరు, ఒంగోలు, హైదరాబాద్ ఫ్లాట్లకు వెళుతోంది. అలా డబ్బు పెట్టేవారికి ఏదైనా పట్టణం నడిబొడ్డున పది కాపురాలున్న పాత అద్దెమేడ బేరానికి వస్తే, వారి చూపు ముందు స్థలం మీద పడుతుంది. స్థలం విలువైనదే. అయితే అలాంటి భవనంలో స్థలంతోపాటు మరో మూడు విషయాలు కూడా చేతులు మారతాయి: అద్దెదారుల హక్కు, పాత వారసత్వపు చిక్కులు, కట్టడం వయసు.

మొదటిది అద్దెదారుల హక్కు. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద, కారణం చూపకుండా ఎవరినీ ఖాళీ చేయించే వీలుండేది కాదు. కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరొకరికి అద్దెకివ్వడం, యజమానికి నిజంగా సొంత అవసరం రావడం వంటివే ఆ కారణాలు. న్యాయమైన అద్దె తేల్చడానికి చూడవలసిన అంశాల్లో 1944 ఏప్రిల్ 5కు ముందు ఏడాది ఆ పేటలో నడిచిన అద్దె కూడా ఒకటిగా ఉండేది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఇచ్చిన మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త అద్దె చట్టం వచ్చింది. అయినా పాత కాపురం ఏ ఒప్పందం మీద, ఏ ఏడు మొదలైందో కాగితం చూడకుండా బయానా ఇవ్వకూడదు.

రెండోది వారసత్వం. తాతల నాటి మేడకు వారసులు చాలామంది ఉంటారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే వచ్చింది; అయితే అప్పటికి పెళ్లయిన వారికి వర్తించలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ శుభ్రంగా కనిపించినా, ఆడపడుచుల సంతకాలు లేని పత్రం రేపటి కోర్టు కేసుకు మూలం.

మూడోది కట్టడం. గానుగ సున్నంతో కట్టిన గోడలు చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదులుతాయి. వాటి మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కి ఇటుకను తినేస్తుంది. మద్రాసు మిద్దెల్లో టేకు దూలాల చివరలు గోడలో దిగిన చోట మొదట కుళ్లుతాయి. మిర్చి కొనేవాడు టిక్కీ కుట్టు చూసి కాక లోపలి తాలు చూసి ధర కట్టినట్టు, పాత మేడను రంగు చూసి కాక దూలం, మెట్లు, మురుగు గొట్టం, కరెంటు తీగలు చూసి బేరమాడాలి.

ఈ మూడూ తేలాకే లెక్క. ఉదాహరణకు పది కాపురాలు, ఒక్కో కాపురం అద్దె నెలకు 8,000 రూపాయలు అనుకుంటే ఏడాదికి 9.6 లక్షలు. ఖాళీగా ఉండే నెలలు, ఇంటిపన్ను, కాపలా, మోటారు, మరమ్మతులు తీసేస్తే ఏడు లక్షలు మిగలవచ్చు. ధర రెండు కోట్లయితే రాబడి మూడున్నర శాతమే. ఆదాయపు పన్నులో ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెపై 30 శాతం మినహాయింపు ఉన్నా, ఆ అంకె పెరగదు. స్థలం ధర పెరుగుతుందన్న ఆశ మీదే కొంటే అది అద్దె వ్యాపారం కాదు, స్థలం వ్యాపారం.

అద్దె గిట్టుబాటు కాక మరమ్మతు మరిచిన యజమాని గతి ముంబయిలో కనిపిస్తుంది. 1920లలో అప్పటి ప్రభుత్వం కట్టిన బీడీడీ చాళ్లు అనే అద్దెమేడల్లో గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడి. వర్లీ చాళ్లలో తెలంగాణ నుంచి మిల్లు పనికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలూ ఉన్నాయి. నామమాత్రపు అద్దెలతో ఆ చాళ్లు శిథిలమై, చివరికి కూల్చి ఒక్కో కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. మొదటి 556 ఇళ్ల తాళాలు 2025 ఆగస్టులో అందాయి.

అద్దె గిట్టుబాటు కాకపోతే యజమాని మేడను వదిలేస్తాడు; అద్దె అంతా జేబులో వేసుకున్నా మేడ పడిపోతుంది. రెండు దారుల్లోనూ నష్టపోయేది అందులో కాపురముంటున్న కుటుంబాలే. అందుకే అద్దెదారులకు రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి, అద్దెను ఏటా కొద్దికొద్దిగానే పెంచాలి, వచ్చినదాంట్లో కనీసం పదో వంతు మరమ్మతులకే విడిగా ఉంచాలి. ఈ మూడింటికీ సిద్ధపడనివారు పాత మేడ జోలికి వెళ్లకపోవడమే మేలు.