ఆమె గురకకు సాక్షి ఎవరు?

మగవారి గురక గురించి మాట్లాడుకోవడానికి మనకు మొహమాటమేమీ ఉండదు. ‘మా ఆయన నిద్రపోతే వీధి చివరిదాకా తెలుస్తుంది’ అని పేరంటాల్లో చెప్పుకుని నవ్వుకుంటాం. కుంభకర్ణుడితో పోలుస్తాం. అదే ఇల్లాలు గురక పెడుతుందంటే? ఆవిడ ఒప్పుకోదు, పుట్టింటివాళ్ళు పైకి చెప్పరు. పెళ్ళిళ్ళకెళ్ళి నలుగురిలో పడుకోవాల్సి వస్తే, ఎక్కడ గురక వస్తుందోనని భయపడి రాత్రంతా కళ్ళు తెరుచుకుని గడిపేవాళ్ళున్నారు. ఆడదానికి గురకేమిటన్నది మన లెక్క!

ఈ సిగ్గు చాటున ఒక జబ్బు దాగి ఉంటోంది. దాని పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలి, ఊపిరి వెళ్ళే దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, ఇంకా ఎక్కువో గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం లేపుతుంది. మనిషి గబుక్కున గాలి పీల్చుకుని మళ్ళీ నిద్రలోకి జారిపోతుంది. ఊపిరి ఇలా ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్లకు చేరితే జబ్బు కింద లెక్క. 30 దాటితే తీవ్రమైనట్టు. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే రక్తపోటు, గుండె జబ్బుల భయం ఉంది. చిత్రమేమిటంటే, తెల్లారాక ఇవేవీ ఆ మనిషికి గుర్తుండవు. పక్కనున్నవాళ్ళు చూసి చెప్పాల్సిందే.

మగవారికి ఆ సాక్షి ఇంట్లోనే ఉంది. ‘ఈయనకి నిద్రలో ఊపిరి ఆగిపోతోందండీ’ అని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేది చాలాసార్లు భార్యే. మరి అందరికన్నా ఆఖరున పడుకుని, అందరికన్నా ముందు లేచే ఆవిడ నిద్రను చూసేదెవరు?

వైద్య పరిశోధన కూడా చాలాకాలం ఆమెను చూడలేదు. నిద్రలో ఊపిరి ఆగడాన్ని ఫ్రాన్స్, జర్మనీ వైద్యులు 1965లోనే వివరంగా రాశారు. కానీ నిద్ర క్లినిక్కులకు వచ్చేవారిలో ఎనిమిది, పదిమంది మగవాళ్ళకు ఒక్క స్త్రీ ఉండేది. దాంతో ఇది మగవారి జబ్బన్న అభిప్రాయం స్థిరపడింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో టెర్రీ యంగ్ బృందం ఆస్పత్రికి వచ్చినవారిని లెక్కపెట్టడం మాని, మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటున్న 602 మంది స్త్రీ పురుషుల నిద్రను రాత్రంతా పరీక్షించింది. 1993లో వచ్చిన ఫలితాల ప్రకారం గంటకు 5 సార్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి చెడుతున్నవారు మగవారిలో నూటికి 24 మంది, ఆడవారిలో 9 మంది. అంటే ముగ్గురు మగవాళ్ళకు ఒక స్త్రీ కన్నా ఎక్కువే! ఆ బృందమే 1997లో మరో సంగతి చెప్పింది. జబ్బు బాగా ముదిరినవారిలోనూ మగవారిలో నూటికి 82 మందికి, ఆడవారిలో 93 మందికి అది ఉన్నట్టే తెలియదట.

2008లో కెనడా వైద్యులు తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పట్టిక ఈనాటికీ వాడుకలో ఉంది. అందులో మగవారైతే ఒక మార్కు. జబ్బు వారిలో ఎక్కువ కనుక అది తప్పేమీ కాదు. కానీ మనం ఒక మార్కు తక్కువతోనే మొదలుపెడుతున్నామన్న మాట మరిచిపోకూడదు.

పైగా ఆడవాళ్ళలో ఈ జబ్బు వేరే వేషంలో వస్తుంది. గురక అంత పెద్దగా ఉండకపోవచ్చు. పొద్దున్నే తలనొప్పి, మాటిమాటికీ మెలకువ, నీరసం, దిగులు, చిరాకు. ఇవన్నీ వింటే ఎవరికైనా రక్తహీనత, థైరాయిడ్, మనోవేదన గుర్తొస్తాయి. అవీ చూపించుకోవాల్సినవే. కానీ అక్కడితో ఆగి నిద్రమాత్ర మింగితే ప్రమాదం. కొన్నిరకాల మాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. నెలసరి నిలిచిపోయాక ఈ జబ్బు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. గర్భిణుల్లో కొత్తగా గురక మొదలైతే రక్తపోటు మీద కన్నేసి ఉంచాలి.

‘ఇంటెడు చాకిరీ చేసేదానికి నీరసం ఉండదా?’ అంటారు. ఉంటుంది. కానీ చాకిరీ వల్ల వచ్చిన అలసట కంటినిండా నిద్రపోతే తగ్గాలి. ఏడెనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్ళు బరువుగానే ఉంటే అది చాకిరీ ఒక్కదానిదే కాకపోవచ్చు.

దీనికి దారి ఉంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్, ముక్కుకు మాస్కు పెట్టి సన్నని ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా చూసే పద్ధతిని లోకానికి తెలిపాడు. సీప్యాప్ అనే ఆ మిషనే నేటికీ ప్రధాన చికిత్స. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి మేలు చేస్తాయి. ఇప్పుడు ఇంట్లోనే చేసే పరీక్షలూ వచ్చాయి.

కనుక అక్కలూ, చెల్లెళ్ళూ! డాక్టరు దగ్గర నీరసమని ఊరుకోకండి. ‘గురక పెడుతున్నానట, నిద్ర పరీక్ష అవసరమా?’ అని నోరు తెరిచి అడగండి. అయ్యలూ, మీకూ ఒక పని. ఎప్పుడైనా మీకు మెలకువ వస్తే పక్కనున్న మనిషి ఊపిరి ఓ పది నిమిషాలు వినండి. మధ్యలో ఆగి ఉక్కిరిబిక్కిరైతే సెల్‌ఫోనులో రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి. ఒంటరిగా పడుకునే అమ్మ ఉంటే, పిల్లలూ, ఈ వారం ఒక రాత్రి ఆవిడ గదిలో పక్క వేసుకోండి.