ముహూర్తం కాన్పుకి వోచరు ఏదీ?

ముప్పై అయిదేళ్లు రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. నేను డాక్టర్ని కాను, శాస్త్రవేత్తను అంతకన్నా కాను. నాకొచ్చిన విద్య ఒక్కటే: బిల్లు వస్తే వోచరు ఏదీ అని అడగడం. ఆ ప్రశ్న ఈ మధ్య మా ఇంట్లోనే అడగాల్సి వచ్చింది.

మా చిన్నమ్మాయికి తొమ్మిదో నెల. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి తీసుకొచ్చాం. పదిహేను రోజుల కిందట వియ్యపురాలు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, సిద్ధాంతిగారు దివ్యమైన ముహూర్తం పెట్టారు. వచ్చే గురువారం తెల్లవారుజామున నాలుగూ నలభై. డాక్టరుగారితో మాట్లాడి ఆపరేషన్ ఖాయం చేయించండి" అన్నారు. క్యాలెండరు చూశాను. ఆ రోజుకి అమ్మాయికి 37 వారాల రెండు రోజులు. బీపీ లేదు, షుగరు లేదు, బిడ్డ అడ్డం తిరగలేదు. మరి కోత దేనికి? నక్షత్రం బాగుందట!

మిత్రులారా, ముందు ఈ జాతకం లెక్కనే ఆడిట్ చేద్దాం. మనిషి తలరాత పుట్టిన ఘడియని బట్టి ఉంటుందంటారు. ఆ ఘడియని పూర్వజన్మ కర్మ నిర్ణయిస్తుందంటారు. మరి కత్తి పట్టుకుని ఆ ఘడియని మనమే మార్చగలిగితే కర్మ ఏమైనట్టు? ఒకే పద్దుని జమలోనూ ఖర్చులోనూ రాస్తే మా ఆఫీసులో మెమో ఇచ్చేవాళ్లు.

రెండో అభ్యంతరం. పుట్టిన క్షణం అంటే ఏది? తల బయటికొచ్చినప్పుడా, బొడ్డు కోసినప్పుడా, మొదటి ఏడుపా? ముగ్గురు సిద్ధాంతుల్ని అడగండి, ఒకే జవాబు వస్తుందేమో చూడండి. నాలుగూ నలభై అన్నది ఎవరి గడియారం ప్రకారం? ఆపరేషన్ థియేటర్ గోడ గడియారం పది నిమిషాలు వెనక నడుస్తుంటే రాజయోగం తప్పిపోతుందా?

మూడోది కూడికలు, భాగహారాలు వచ్చిన ఎవరైనా వేయగల లెక్క. మన దేశంలో ఏడాదికి సుమారు 2.3 కోట్ల మంది పిల్లలు పుడతారు. అంటే రోజుకి 63 వేలు. రోజుకి పన్నెండు లగ్నాలు కాబట్టి సగటున ఒక్కో లగ్నంలో అయిదు వేల పైచిలుకు. వాళ్లలో కలెక్టరు కొడుకూ ఉంటాడు, ఇటుక బట్టీలో పుట్టిన పిల్లా ఉంటుంది. వాళ్ల బతుకులు వేరవడానికి కారణం గురుడా, ఇంట్లో ఉన్న డబ్బూ తిండీ చదువూనా?

ఇక అసలు విషయం. నేను సిజేరియన్‌కి వ్యతిరేకిని కాను. అవసరమైనప్పుడు అది తల్లినీ బిడ్డనీ బతికించే గొప్ప సాధనం. కానీ వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందే కోసి తీయకూడదని ప్రసూతి వైద్య శాస్త్రం స్పష్టంగా చెబుతోంది. నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్ల వల్లే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకడం జోరందుకుంటుంది. నొప్పులు రాకముందే, నెలలు పూర్తిగా నిండకముందే తీస్తే ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. తల్లికి తర్వాతి కాన్పుల్లో మాయ కిందికి అతుక్కునే ప్రమాదమూ పెరుగుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5! ఇవన్నీ ముహూర్తం కోతలే అని నేననను. ఆసుపత్రుల ఆదాయం, నొప్పులంటే భయం, డాక్టర్ల సౌకర్యం అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ ముహూర్తం ఆ వ్యాపారానికి దొరికిన చక్కటి సాకు. బాధ్యత సిద్ధాంతిది కాదు, డాక్టరుది కాదు, కుటుంబానిది కూడా కాదు. అంతా గ్రహాలదే!

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. పదేళ్ల కిందట మా పెద్దమ్మాయికి ఇలాగే ముహూర్తం పెట్టారు. అప్పటికే నేను సంఘంలో సభ్యుణ్ణి. సభల్లో జ్యోతిషం మీద మాట్లాడినవాణ్ణి. అయినా ఆడపిల్ల తండ్రిని కదా, వియ్యాలవారితో గొడవెందుకని నోరు మూసుకున్నాను. 37వ వారంలో తీశారు. బిడ్డ ఎగఊపిరి పెడుతుంటే నాలుగు రోజులు అద్దాల గదిలో ఉంచారు. మా అమ్మాయి కుట్ల నొప్పితో మంచం మీద, బిడ్డ వేరే అంతస్తులో. బిల్లులో ఆక్సిజన్ నుంచి దూది దాకా అన్నీ ఉన్నాయి, ముహూర్తం అన్న పద్దు మాత్రం లేదు. ఒక్క ఉదంతం రుజువు కాదని నాకు తెలుసు. మనవడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఆ నాలుగు రాత్రులూ వాడి ప్రాణంతో ఆడుకున్నది గ్రహాలు కాదు, నా మౌనం.

గర్భిణి చుట్టూ అల్లిన భయాలు ఇంకెన్నో. 1980 ఫిబ్రవరి 16న తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. ఆరో నెలతో ఉన్న మా పిన్నిని తలుపులు బిగించి, మంచినీళ్లయినా ఇవ్వకుండా కదలకుండా పడుకోబెట్టారు. కదిలితే గ్రహణం మొర్రి వస్తుందని. పిండానికి పైపెదవి కలుసుకునేది ఏడో వారం లోపలే. ఆరో నెలలో సూర్యుడు ఏం చీలుస్తాడు? ఆ చీలికకి వంశపారంపర్యం, తల్లి పొగతాగడం, షుగరు, కొన్ని మూర్ఛ మందులు వంటివి కారణమవుతాయి. పంచాంగంలో వెతికితే దొరకవు.

మరి బిడ్డ కోసం నిజంగా చేయాల్సిన ఏర్పాట్లేమిటి? సీమంతానికి లక్ష ఖర్చుపెట్టే ఇంట్లో ఈ పద్దులు ఉన్నాయో లేదో చూసుకోండి. గర్భం రాకముందే ఫోలిక్ యాసిడ్ మొదలెట్టాలి, ఎందుకంటే వెన్నుపాము గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52.2 శాతం మందికి రక్తహీనత. ఐరన్ మాత్ర 180 రోజులు వేసుకోవాలి, కాఫీ టీలతో కాదు. బిడ్డ బరువెక్కితే కాన్పు కష్టమని గర్భిణికి తిండి తగ్గించే అత్తలకి ఈ అంకె చూపించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. బ్లడ్ గ్రూపు, బీపీ, హిమోగ్లోబిన్ కాగితం మీద ఉండాలి. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం కనబడితే ఏ వర్జ్యం చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. బండి, రక్తమిచ్చే మనిషి ముందే సిద్ధంగా ఉండాలి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ఆముదం, తేనె, గాడిద పాలు, కాటుక ఏవీ వద్దు.

"పోనీలెండి, పెద్దవాళ్ల తృప్తి, పోయేదేముంది?" అని కొందరు మిత్రులంటారు. చేతికి తోరం కడితే పోయేదేమీ లేదు. పొట్ట కోస్తే పోతుంది. నమ్మకం ఖరీదు నమ్మినవాడు కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ కడుతున్నది ఇంకా పుట్టని బిడ్డ.

వియ్యపురాలికి ఏం చెప్పానంటారా? ముందు మా అమ్మాయిని అడిగాను. అంతవరకు సిద్ధాంతిని అడిగారు, డాక్టర్ని అడగమన్నారు, కోత పడే మనిషిని ఎవరూ అడగలేదు. "వారాలు నిండనివ్వండి నాన్నా. అవసరమైతే డాక్టరే చెబుతుంది" అంది. అదే మాట వియ్యపురాలికి చెప్పాను. పది రోజులుగా ఆమె నాతో మాట్లాడటం లేదు. అల్లుడు మాత్రం భార్య పక్షానే నిలబడ్డాడు.

ఆ గురువారం తెల్లవారుజామున నాలుగూ నలభైకి లేచి చూశాను. అమ్మాయి హాయిగా నిద్రపోతోంది. ఆసుపత్రి సంచి తలుపు పక్కన సర్ది ఉంది. ఆటో అబ్బాయి నంబరు గోడ మీద రాసి ఉంది. మా ఇంట్లో ముహూర్తం అంటే అంతే.