అలీగఢ్‌లో ఒక తలుపు

2010 ఫిబ్రవరి 8 రాత్రి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుని ఇంట్లోకి కొందరు కెమెరాతో చొరబడ్డారు. మరాఠీ బోధించే రామచంద్ర సిరాస్ అప్పుడు మరో పురుషునితో ఉన్నారు. విశ్వవిద్యాలయం వెంటనే సిరాస్‌ను సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. 7న ఆయన అద్దె ఇంట్లో విగతజీవిగా కనిపించారు. పదవీ విరమణకు కొన్ని నెలలే మిగిలి ఉన్నాయి.

ఆనాడు అక్కడి హాస్టళ్లలో ఉన్న పిల్లల గురించి మనం ఆలోచించామా? తమ మనసు ఎటు మొగ్గుతోందో అమ్మకైనా చెప్పుకోలేని బిడ్డలు అంత పెద్ద ప్రాంగణంలో లేకుండా ఉంటారా? గడియ బిగించుకోవడమే వారు నేర్చుకున్న పాఠం.

ఇదంతా పడమటి గాలి అనేవారున్నారు. సలీం కిద్వాయి 1968లో లక్నో నుంచి ఢిల్లీకి చదువుకు వెళ్లారు, తర్వాత రామ్‌జస్ కళాశాలలో చరిత్ర బోధించారు. రూత్ వనితతో కలిసి 2000లో వెలువరించిన సంకలనంలో పార్సీ, ఉర్దూ రచనల నుంచే ఎన్నో సాక్ష్యాలు చూపారు. ఇక పడమటి సంగతి: మాంట్రియల్‌లో చదువుతుండగా 1977లో పోలీసులు ఒక బార్‌పై దాడి చేసి అరెస్టు చేసినవారిలో ఆయనా ఒకరు!

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తొలగించింది. మన హైదరాబాద్ శివార్లలోని నల్సార్ 2022లో క్వీర్ విద్యార్థుల కోసం హాస్టల్‌లో ఒక అంతస్తు కేటాయించింది. ఈ తరానికి అంత చోటైనా దక్కింది. మైనారిటీ విద్యాసంస్థల్లో చదివే మన పిల్లలకో?

ధర్మశాస్త్ర తీర్పును మార్చమని నేను కోరడం లేదు, అది ఉలమాల పని. కానీ గూఢచర్యాన్ని సూరా హుజురాత్ నిషేధించింది. గోడ దూకి ఒకరి తప్పు పట్టుకున్న ఖలీఫా ఉమర్ (రజి)కు ఆ ఇంటివాడు, మీరు చేసినవి మూడు తప్పులని ఎదురు చెప్పాడనీ, ఆయన ఊరక వెనుదిరిగారనీ మన పెద్దలు చెబుతూనే వచ్చారు. 2015లో దాద్రీ దగ్గర అఖ్లాక్ ఇంట్లోకి గుంపు చొరబడినప్పుడు, ఇంట్లో ఏముందో వెతకడానికి మీరెవరని దేశాన్ని నిలదీశాం. అదే ప్రశ్న సిరాస్ విషయంలో మన నోట ఎందుకు రాలేదు?

మన సంస్థల పాలకవర్గాలు ముందు ఒక్క నియమం రాసుకోవాలి: అనుమానంతో ఏ వార్డెనూ విద్యార్థి గది సోదా చేయరాదు, ఇంటికి ఫోన్ చేసి ఆ బిడ్డ రహస్యం బయటపెట్టరాదు.