ప్రతిజ్ఞ చేయిస్తే చాలదు

ఏటా జూన్ 26న మత్తుమందుల వ్యతిరేక దినం వస్తే హైస్కూళ్లలో అదే తంతు. ఎక్సైజు శాఖ నుంచో పోలీస్ స్టేషన్ నుంచో ఓ అధికారి వస్తారు. చెడిపోయిన కాలేయం బొమ్మ చూపిస్తారు. పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేసి, బ్యానర్ పట్టుకుని ర్యాలీ తీస్తారు. తెలియక తాగుతున్నారు, తెలియజెబితే మానేస్తారన్న నమ్మకమే ఇదంతా నడిపిస్తోంది. ఆ నమ్మకమే తప్పు.

తాగుడు ఏం చేస్తుందో పదో తరగతి పిల్లవాడికి తెలియక కాదు. తండ్రి తాగొచ్చిన రాత్రి ఇల్లెలా ఉంటుందో ఎందరో పిల్లలు కళ్లారా చూస్తున్నారు. పెళ్లి బరాత్‌లో డీజే హోరు మధ్య, కూల్‌డ్రింక్‌లో కలిపిన గ్లాసు చేతికిచ్చి "ఏరా, మగాడివి కాదా?" అని దోస్తు రెచ్చగొడితే పరువు పోకుండా ఎలా తప్పుకోవాలి? వాడికి తెలియంది అది. ఆ సంగతి ఏ ప్రతిజ్ఞలోనూ ఉండదు.

అమెరికా ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన 'డేర్' కార్యక్రమంలో పోలీసులే బడికి వచ్చి పాఠాలు చెప్పేవారు. అది దేశమంతా పాకింది. మత్తుమందుల వాడకంలో ఆ పాఠాలు విన్నవాళ్లకూ విననివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదని 2003లో అక్కడి ప్రభుత్వ సమీక్షే తేల్చింది.

అలాగని బడి చేయగలిగిందేమీ లేదనడమూ తప్పే. మనస్తత్వవేత్త పెట్రీషియా కాన్‌రాడ్ బృందం లండన్ బడుల్లో మరో దారి పట్టింది. తొందరపాటు, సాహసాల మోజు, ఆందోళన, నిరాశ ఎక్కువగా ఉన్న పిల్లలను గుర్తించి, ఒక్కో స్వభావం వాళ్లను ఒక్కో చిన్న బృందంగా కూర్చోబెట్టారు. శిక్షణ పొందిన బడి సిబ్బందే గంటన్నర చొప్పున రెండుసార్లు వాళ్లతో మాట్లాడారు, మాట్లాడించారు. రెండేళ్ల పాటు గమనిస్తే, ఇవి జరగని బడుల్లోని అలాంటి పిల్లలతో పోలిస్తే వీళ్లలో అతిగా తాగడం తక్కువగా ఉంది. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

మాట్లాడిస్తే ఏం జరుగుతుందో మనకూ తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకుల గురించి తామే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత సారా దుకాణం మూయించారు. అక్కడ రాజుకున్న ఉద్యమమే 1993లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం తెచ్చింది. మాటతో పాటు దుకాణమూ కదిలింది కాబట్టే అది గెలిచింది.

మన దగ్గర మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. బెల్టు షాపులో వయసు అడిగేదెవరు? బడి మైదానంలో రాత్రి పెద్దలు పగలగొట్టిన సీసాలను పొద్దున పిల్లలతో ఏరించి, ప్రార్థన గంట కొట్టాక మద్యం చెడ్డదని చెబితే ఎవరు నమ్ముతారు?

2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం పిల్లలతో ఇలాంటి విషయాలు మాట్లాడేందుకు బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. వాళ్లకు అసలైన శిక్షణ ఇవ్వండి, టైమ్‌టేబుల్‌లో పీరియడ్లు కేటాయించండి. బడి దరిదాపుల్లో బెల్టు షాపు ఒక్కటీ లేకుండా చేయండి. ఆ పని చేయలేని ప్రభుత్వానికి పిల్లలతో ప్రతిజ్ఞ చేయించే అర్హత లేదు.