సర్వేలకు చిక్కని ఖేడ్ ఓటు

పల్లె ఓటరు మనసు చదివినమని సర్వే దుకాణాలు ప్రతి ఎన్నికకూ చాటింపేస్తయి. 2004లో వాజ్‌పేయి సర్కారే మళ్లొస్తదని చాలా సర్వేలు చెప్పినయి. పల్లెలు వేరే తీర్పు చెప్పినయి.

మన నారాయణఖేడ్‌నే చూడండి. 2014లో ఉమ్మడి మెదక్ జిల్లాలో పదింట ఎనిమిది సీట్లు టీఆర్ఎస్ గెలిస్తే, ఖేడ్ కాంగ్రెస్ అభ్యర్థి కిష్టారెడ్డిని గెలిపించింది. ఆయన మరణంతో 2016లో వచ్చిన ఉప ఎన్నికలో టీఆర్ఎస్ భూపాల్‌రెడ్డికి 53 వేల పైచిలుకు మెజారిటీ కట్టబెట్టింది. 2023లో మళ్లీ కాంగ్రెస్‌కే పట్టం కట్టింది.

ఇది నిలకడలేనితనమా? కానే కాదు. దసరా దాటితే తండాల్లో ఇండ్లకు తాళాలు పడతయి, జనం చెరుకు కొట్టబోతరు. తాళం వేసిన ఇంటిని సర్వే పిలగాడు ఏమడుగుతడు? బస్టాండు హోటల్లో కూసున్నోళ్లను అడిగి పోతడు. ఇంట్ల ఉన్న ముసలవ్వ కూడా గుట్టు విప్పదు. పింఛనుకు, రేషన్ కార్డుకు ఎవరి గడప తొక్కాల్నో ఆమెకు తెలుసు. "అందరు మంచోళ్లే బిడ్డా" అంటది. అది అమాయకత్వం కాదు, బతుకు నేర్పిన జాగ్రత్త.

రాష్ట్రం కోసం కొట్లాడిన మనం ఓటెవరికని అడుగుడు బంద్ చేద్దాం. రాష్ట్రం వచ్చినా ఆ తాళాలు ఎందుకు పడుతున్నయో అడుగుదాం.